పండగ నుంచి రాగానే ఉద్యోగం తీసేశారు, సోమవారంలోపు రిజైన్ లెటర్ మీద సంతకం పెట్టమంటున్నారు. ఏం చేయాలి?

బ్లిస్టర్_ఆపరేటర్:

అందరికీ నమస్కారం. ఇక్కడ చదవడమే గానీ ఎప్పుడూ రాయలేదు, తప్పులుంటే ఏమనుకోకండి.

మాది మెదక్ జిల్లా. హైదరాబాద్ శివార్లలో ఒక టాబ్లెట్ల కంపెనీలో ప్యాకింగ్ సెక్షన్‌లో టాబ్లెట్లని స్ట్రిప్పుల్లో ప్యాక్ చేసే బ్లిస్టర్ మెషిన్ మీద ఏడేళ్ల తొమ్మిది నెలలు చేశాను. కంపెనీ పేరు రాయను. సంక్రాంతికి ఊరెళ్లి వచ్చి శుక్రవారం బి షిఫ్ట్‌కి పోతే గేటు దగ్గర పంచ్ పడలేదు. కార్డు అరిగిపోయిందేమో అని చొక్కాకి తుడిచి మళ్లీ పెట్టాను, మళ్లీ ఎర్ర లైటే. సెక్యూరిటీ తాత నా మొహం చూడకుండా "హెచ్ఆర్ కాడికి పొమ్మన్నరు బిడ్డా" అన్నాడు. పోతే అక్కడ మా సెక్షన్ వాళ్లు అప్పటికే పదకొండు మంది వరసగా కూర్చుని ఉన్నారు, ఎవరూ మాట్లాడటం లేదు.

ఎక్స్‌పోర్ట్ ఆర్డర్లు తగ్గాయట, రెండు లైన్లు ఆపేస్తున్నారట. ఒక్కొక్కరిని లోపలికి పిలిచి ముందే టైప్ చేసి పెట్టిన ఇంగ్లీష్ కాగితం ఇచ్చారు. వ్యక్తిగత కారణాల వల్ల నేనే ఉద్యోగం మానేస్తున్నాను అని దాని అర్థం. సంతకం పెడితే రిలీవింగ్ లెటర్, ఈ నెల జీతం, పీఎఫ్ అన్నీ తొందరగా క్లియర్ చేస్తామన్నారు, పెట్టకపోతే టెర్మినేషన్ అని రాస్తాం ఇంకెక్కడా ఉద్యోగం రాదు అన్నారు. ఇంట్లో అడిగి చెప్తానని వచ్చేశాను. సోమవారం దాకా టైం ఇచ్చారు. నలుగురైదుగురు అప్పుడే పెట్టేశారు.

జీతం గ్రాస్ 19,500, బేసిక్ 11,000, చేతికి 17,800 వచ్చేది. అద్దె 6,500. బండి ఈఎంఐ 3,400 ఇంకా ఏడు కట్టాలి. చెల్లి పెళ్లికి ఫైనాన్స్‌లో తీసుకున్న పర్సనల్ లోన్ నెలకు 5,200, అది ఇంకా ఏడాదిన్నర ఉంది. బాబు నాలుగో తరగతి, మూడో టర్మ్ ఫీజు తొమ్మిది వేలు ఫిబ్రవరి ఆఖరుకి. అమ్మకు షుగర్, బీపీ మందులు ఈఎస్ఐ డిస్పెన్సరీలోనే తెస్తాం. మా ఆవిడ ఇంట్లో జాకెట్లు కుడుతుంది, పెళ్లిళ్ల సీజన్‌లో తప్ప చెప్పుకునేంత ఉండదు.

అడిగేదేమిటంటే, సంతకం పెట్టాలా వద్దా? అమెరికాలో ఉద్యోగం పోతే గవర్నమెంటు డబ్బులిస్తుందంటారు, మన దగ్గర అలాంటిదేమైనా ఉందా? పీఎఫ్‌లో లక్షా డెబ్బై వేల దాకా ఉంది, మొత్తం తీసి లోన్ కట్టేద్దామని నేను, వద్దని మా ఆవిడ. ఇంకా పని ఎక్కడ వెతకాలి?

పొద్దున ఐదు ముప్పై ఐదుకి కంపెనీ బస్సు మా వీధి చివర హారన్ కొడుతుంది. అది 'ఏ' షిఫ్ట్, అంటే పొద్దుటి షిఫ్ట్ వాళ్ల కోసం. నాకేం పని లేకపోయినా లేచి కూర్చుంటున్నాను.


నైట్_షిఫ్ట్77:

బ్రదర్, సంతకం పెట్టకు. మిగతాది పెద్దలు చెప్తారు, నేను చెప్పేది ఒక్కటే. ఇవాళే, ఇప్పుడే, ఫోన్లో కంపెనీ యాప్ ఇంకా తెరుచుకుంటుంటే పే స్లిప్‌లు, హాజరు, అపాయింట్‌మెంట్ లెటర్ అన్నీ డౌన్‌లోడ్ చేసి పెట్టుకో. నాకు సాయంత్రానికే లాగిన్ తీసేశారు, తర్వాత ఒక్క స్లిప్ కోసం ఆరు నెలలు తిరిగాను.


పాత_ఖాతాలు:

తమ్మీ, నేను జీడిమెట్లలో పీఎఫ్, ఈఎస్ఐ రిటర్నులు వేసే కన్సల్టెంట్ దగ్గర ఇరవై రెండేళ్లు చేసినవాణ్ని. ఇలాంటి కాగితాలు చాలా చూశాను, కొన్ని నేనే టైప్ చేశాను కూడా, ఆ పాపం ఇలా కడుక్కుంటున్నా అనుకో. కాస్త పొడుగ్గా ఉంటుంది, ఓపిగ్గా చదువు.

ఆ సంతకం ఖరీదెంతో ముందు లెక్క చూద్దాం. పని లేదని కంపెనీ తీసేస్తే దాన్ని రిట్రెంచ్‌మెంట్ అంటారు. ఒక నెల నోటీసు, లేదంటే ఆ నెల జీతం ఇవ్వాలి. దాని మీద ఏడాదికి 15 రోజుల జీతం చొప్పున పరిహారం ఇవ్వాలి, ఆఖరి ఏడాదిలో ఆరు నెలలు దాటితే దాన్నీ ఏడాదిగా లెక్కేస్తారు. నీకు ఏడేళ్ల తొమ్మిది నెలలు అంటే ఎనిమిదేళ్లు. ఎనిమిది పదిహేన్లు 120 రోజులు, అంటే నాలుగు నెలల జీతం, 78,000. నోటీసు నెల 19,500. రెండూ కలిపి 97,500. నువ్వే మానేస్తున్నానని రాసిస్తే ఈ రెండూ ఉండవు. వాళ్లు టైప్ చేసి రెడీగా పెట్టుకుంది అందుకే. పాత పారిశ్రామిక వివాదాల చట్టంలో ఉన్న మాటే ఇది, 2025 నవంబర్ 21 నుంచి కొత్త లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చినా ఈ నోటీసు, ఈ 15 రోజుల లెక్క అందులోనూ ఉంది. కొత్త చట్టం వచ్చింది అవన్నీ పోయాయి అని ఎవరైనా అంటే నమ్మకు.

గ్రాట్యుటీ వేరే. అది మానేసినా, తీసేసినా ఐదేళ్లు దాటినవాడికి వస్తుంది. 11,000 ని 26 తో భాగించి 15 తో, మళ్లీ 8 తో హెచ్చవేస్తే 50,769. దీన్ని "మేం దయతలచి ఇస్తున్నాం" అన్నట్టు చూపించి సంతకం పెట్టించుకుంటారు, జాగ్రత్త. నీ డబ్బు నీకిచ్చి నీ దగ్గరే పని చేయించుకోవడం అన్నమాట. 30 రోజుల్లో ఇవ్వాలి. పని చేసిన రోజుల జీతమైతే తీసేసిన రెండు పని దినాల్లోనే సెటిల్ చేయాలని వేతనాల కోడ్‌లో ఉంది. సంతకం పెడితేనే జీతం అనడానికి వాళ్లకి హక్కు లేదు.

ఇక అమెరికా సంగతి అడిగావు. మన దగ్గరా ఉంది, చిన్నది, ఎవరికీ తెలీదు. ఈఎస్ఐలో అటల్ బీమిత్ వ్యక్తి కల్యాణ్ యోజన అని 2018లో మొదలుపెట్టారు. నీ గ్రాస్ 21,000 లోపే కాబట్టి నీకు ఈఎస్ఐ కట్ అయ్యేది కదా, ఆ కార్డు దగ్గు జ్వరాలకి మాత్రమే కాదు. రెండేళ్లుగా ఈఎస్ఐలో ఉండి, ఉద్యోగం పోవడానికి ముందున్న ఆరు నెలల చందా కాలంలో 78 రోజులకి తగ్గకుండా, దానికి ముందు మూడింటిలో ఏదో ఒకదానిలో ఇంకో 78 రోజులు చందా పడి ఉంటే, రోజు సగటు సంపాదనలో సగం చొప్పున 90 రోజుల దాకా ఇస్తారు. నీ లెక్కకి రోజుకు 320 చుట్టుపక్కల, మొత్తం 28 వేల పైచిలుకు. జీవితంలో ఒక్కసారే. ఉద్యోగం పోయి 30 రోజులు గడిచాక ఈఎస్ఐ పోర్టల్లో క్లెయిమ్ వేయాలి, కంపెనీ సంతకంతో పని లేదు, ఆధార్, బ్యాంకు ఖాతా సరిగ్గా ఉంటే చాలు. ఈ పథకాన్ని గడువు పెట్టి పొడిగిస్తూ వస్తున్నారు కాబట్టి నీ బ్రాంచి ఆఫీసుకి వెళ్లినప్పుడు ఇప్పటి గడువు ఎప్పటిదాకా ఉందో అడుగు. మెలిక ఎక్కడంటే, తప్పు చేసి తీసేసినవాళ్లకీ, తమంతట తాము విరమించుకున్నవాళ్లకీ ఇది లేదు. మళ్లీ ఆ కాగితం దగ్గరికే వచ్చాం చూశావా.

అమ్మ మందుల గురించి టెన్షన్ పడకు. ఏప్రిల్ నుంచి సెప్టెంబర్ దాకా కట్టిన చందాకి జనవరి నుంచి జూన్ దాకా వైద్యం, అక్టోబర్ నుంచి మార్చి దాకా కట్టినదానికి జూలై నుంచి డిసెంబర్ దాకా. నీకు అక్టోబర్, నవంబర్, డిసెంబర్ మూడు నెలలు పూర్తిగా పడ్డాయి, 78 రోజులు దాటిపోయాయి. అంటే ఈ డిసెంబర్ ఆఖరు దాకా కార్డు పనిచేస్తుంది, సనత్‌నగర్ ఈఎస్ఐ ఆసుపత్రికి కూడా. డిస్పెన్సరీ కౌంటర్లో ఉద్యోగం లేదు కదా అంటే బెనిఫిట్ పీరియడ్ చూడండి అని అడుగు, ఆ ముక్క తెలిసినవాడని వాళ్లకి అర్థమైతే సగం పని అయినట్టే.

సోమవారం ఉత్తచేతుల్తో పోకు. తెలుగులోనే ఒక కాగితం రాసుకో. ఫలానా తేదీన బి షిఫ్ట్‌కి వస్తే గేటు దగ్గర ఆపారు, నేను రాజీనామా చేయడం లేదు, పనికి సిద్ధంగా ఉన్నాను, తీసేస్తుంటే కారణంతో సహా రాసివ్వండి అని నాలుగు ముక్కలు. రెండు కాపీలు. ఒకటి ఇచ్చి రెండోదాని మీద ముద్ర వేయించుకో. వేయకపోతే బయటికొచ్చి పోస్టాఫీసులో స్పీడ్ పోస్ట్ చేసి రసీదు దాచు (రిజిస్టర్ పోస్ట్‌ని 2025లో అందులోనే కలిపేశారు, వెతుక్కోకు). మిగతా వాళ్లనీ కలుపుకుని పోండి. ఒక్కడు పోతే గొడవ అంటారు, ఏడుగురు పోతే చర్చ అంటారు.


హెచ్ఆర్_లో_పదేళ్లు:

పై మాటలన్నీ చట్ట ప్రకారం కరెక్టే, కాదనను. కానీ అవతలి వైపు కూర్చున్నదాన్ని కాబట్టి ఒక మాట. లేబర్ ఆఫీసుకి వెళ్తే డబ్బు రేపు రాదు. వాయిదాలు, మళ్లీ వాయిదాలు. ఈలోగా రిలీవింగ్ లెటర్ లేకపోతే పెద్ద కంపెనీల్లో బ్యాక్‌గ్రౌండ్ చెక్ దగ్గర ఆగిపోతారు. చాలామంది అక్కడే అలిసిపోయి మొదట్లో ఇస్తామన్నది తీసుకుంటారు. అందుకే నేనైతే సంతకం పెట్టనని తలుపు మూసేయకుండా, ఎంతిస్తారో కాగితం మీద రాసివ్వండి అప్పుడు ఆలోచిస్తా అంటాను. నోటీసు జీతం, పరిహారం, గ్రాట్యుటీ, సెలవుల డబ్బు విడివిడిగా అంకెలతో. ఆ అంకెలు లేకుండా మాత్రం ఎవరు ఎంత తియ్యగా మాట్లాడినా పెట్టొద్దు.

టెర్మినేషన్ అని రాస్తాం అన్నది బెదిరింపే. విచారణ లేకుండా క్రమశిక్షణ కింద తీసేశాం అని రాయడం వాళ్లకే ఇబ్బంది. ఆర్డర్లు తగ్గి లైన్ ఆపారని మీతోనే చెప్పారు కదా.


పాత_ఖాతాలు:

హెచ్ఆర్ అమ్మా, మీరన్నది ఆఫీసు ఉద్యోగాలకి సరే. బ్లిస్టర్ మెషిన్ ఆపరేటర్‌ని ఎవరు బ్యాక్‌గ్రౌండ్ చెక్ చేస్తారు? మెషిన్ దగ్గర నిలబెట్టి చేంజ్ పార్ట్స్ (టాబ్లెట్ మారినప్పుడు మెషిన్‌లో మార్చే భాగాలు) మార్చమంటారు, ఎంతసేపట్లో మార్చాడో గడియారం చూస్తారు, అంతే. అంకెలు కాగితం మీద అడగమన్నది మాత్రం బంగారం లాంటి మాట, తమ్మీ అది రాసుకో. ఒప్పుకున్నా కూడా ఆ కాగితంలో "వ్యక్తిగత కారణాలు" అన్న మాట ఉండకూడదు.


బ్లిస్టర్_ఆపరేటర్:

సార్, మీరు రాసింది మా ఆవిడకి చదివి వినిపించాను. 97 వేలు అన్నచోట ఆమె కుట్టు మెషిన్ ఆపి మళ్లీ చదవమంది.

పీఎఫ్ సంగతి చెప్పలేదు మీరు. ఇంకొకటి, దీనికి ముందు బొల్లారంలో ఇంకో కంపెనీలో రెండేళ్ల మూడు నెలలు చేశాను. అక్కడి పీఎఫ్ అలాగే ఉంది, తీయలేదు, నిజం చెప్పాలంటే మర్చిపోయాను. ఇప్పుడు అదీ ఇదీ రెండూ తీసేసుకోవచ్చా?


పాత_ఖాతాలు:

ఆగు ఆగు. మర్చిపోవడం నీ అదృష్టం.

పీఎఫ్‌లో రెండు భాగాలుంటాయి. ఒకటి నీ పొదుపు, రెండోది పెన్షన్. కంపెనీ నీ పేరున కట్టే 12 శాతంలో 8.33 పెన్షన్‌కే పోతుంది, పాస్‌బుక్‌లో చివరి గడిలో కనబడేది అదే. పదేళ్ల సర్వీసు నిండితే 58 ఏళ్లకి నెలనెలా పెన్షన్ వస్తుంది. నిండకపోతే ఆ డబ్బు తీసుకోవడమే, లేదంటే స్కీమ్ సర్టిఫికెట్ తీసుకుని తర్వాతి ఉద్యోగంలో కలుపుకోవడం. నీకు ఇక్కడ ఏడేళ్ల తొమ్మిది నెలలు, అక్కడ రెండేళ్ల మూడు నెలలు. కలుపు చూద్దాం. సరిగ్గా పదేళ్లు!

కాబట్టి పాత కంపెనీ ఖాతాని పోర్టల్లో ఇప్పటి ఖాతాకి ట్రాన్స్‌ఫర్ పెట్టు. ముందు సర్వీస్ హిస్టరీలో రెండు కంపెనీలూ ఒకే యూఏఎన్ (కంపెనీ మారినా మారని నీ పీఎఫ్ నంబరు) కింద కనబడుతున్నాయో లేదో చూడు. తొందరపడి పాతదానికి పెన్షన్ డబ్బు విత్‌డ్రా పెట్టావో, ఆ రెండేళ్ల మూడు నెలలు లెక్కలోంచి పోతాయి. నీ బేసిక్‌కి పదేళ్లకి పెన్షన్ నెలకు 1,570 చుట్టూ వస్తుంది, 11,000 ని పదితో హెచ్చవేసి 70 తో భాగిస్తే వచ్చేది అదే. పెద్ద మొత్తం కాదు, కానీ మీ అమ్మగారి మందుల లాంటి ఖర్చు రేపు నీకూ ఉంటుంది కదా. మళ్లీ ఉద్యోగంలో చేరితే ఇంకా పెరుగుతుంది.

పొదుపు భాగం నీ ఇష్టం. ఇదివరకు ఉద్యోగం పోయిన నెలకి 75 శాతం, రెండు నెలలకి మిగతాది ఇచ్చేవారు. 2025 అక్టోబర్‌లో ట్రస్టీల బోర్డు దీన్ని మార్చాలని నిర్ణయించింది, 75 శాతం వెంటనే, మిగతా పాతిక శాతం ఏడాది ఖాళీగా ఉన్నాక అని. అందుకని పాత వీడియోలు చూసి లెక్కలు వేసుకోకు, క్లెయిమ్ తెరిచినప్పుడు పోర్టల్ ఎంత చూపిస్తే అంత.

కంపెనీవాళ్లు నీ ఎగ్జిట్ తేదీ వేయకుండా ఆపితే గాబరా పడకు, ఆఖరి చందా పడిన రెండు నెలల తర్వాత నువ్వే పోర్టల్లో వేసుకోవచ్చు. వాళ్లే వేస్తే కారణం ఏమని వేశారో చూసుకో, ఫోటో తీసి పెట్టుకో.


నిజాంపేట_అక్క:

పెద్దాయన లెక్కలు బాగా చెప్పారు, నేను ఇంటి సంగతి చెప్తా. మా ఆయనకి రెండేళ్ల కింద ఇలాగే అయింది, బట్టల గోడౌన్‌లో.

తమ్ముడూ, లోన్ మొత్తం కట్టేద్దామన్నావు చూడు, మీ ఆవిడ మాటే విను. మేం పీఎఫ్ తీసి లోన్ క్లోజ్ చేశాం, ఆ రోజు ఎంత హాయిగా అనిపించిందో! నెల తిరిగేసరికి అద్దెకి లేదు. మళ్లీ అప్పు, ఈసారి నూటికి మూడు రూపాయల వడ్డీకి. చేతిలో డబ్బు ఉన్నవాడికి బ్యాంకువాడు మర్యాద ఇస్తాడు, లేనివాడికి ఇవ్వడు. కాబట్టి మూడు నెలల ఇంటి ఖర్చు పక్కన పెట్టాకే ఇంకేదైనా.

ఈఎంఐ తప్పకముందే ఫైనాన్స్ ఆఫీసుకి వెళ్లు. ఫోన్ కాదు, మనిషివి వెళ్లు. ఉద్యోగం పోయిందని రాతగా ఇచ్చి కిస్తీ తగ్గించి నెలలు పెంచమని అడుగు. ఒప్పుకోకపోవచ్చు, కానీ ఆ కాగితం కాపీ నీ దగ్గరుంటే తర్వాత పనికొస్తుంది. రికవరీ వాళ్లు పొద్దున ఎనిమిదికి ముందు, సాయంత్రం ఏడు తర్వాత ఫోన్ చేయకూడదని రిజర్వు బ్యాంకు రూల్ ఉంది. మా ఆయనకి రాత్రి తొమ్మిదిన్నరకి చేసేవాడు ఒకడు. నేనే ఫోన్ తీసుకుని, టైమెంతయిందో చూసుకున్నావా, రికార్డు చేస్తున్నా, రిజర్వు బ్యాంకు ఓంబుడ్స్‌మన్‌కి పెడతా అన్నాను. మళ్లీ రాత్రి చేయలేదు. పగలు చేశాడనుకో, అది వేరే.

లోన్ యాప్‌ల జోలికి మాత్రం పోవద్దు, చచ్చినా.

స్కూల్లో ప్రిన్సిపాల్‌ని కలిసి ఫీజు మూడు ముక్కలుగా కడతామని అడగండి. సిగ్గు పడతాం గానీ నెలకి పది మంది అలా అడుగుతారట, మా పాప స్కూల్ మేడమే చెప్పింది. రేషన్ కార్డులో బాబు పేరు ఉందా? లేకపోతే ఇప్పుడే మీసేవలో పెట్టండి, మనిషికి ఆరు కిలోల సన్నబియ్యం ఇస్తున్నారు, ముగ్గురికి పద్దెనిమిది కిలోలు, అమ్మది కూడా అదే కార్డు అయితే ఇరవై నాలుగు. ఈఎస్ఐ అయిపోయాక కూడా ఆరోగ్యశ్రీకి ఆ కార్డే ఆధారం.

ఒక సంగతి అడగనా? ఊళ్లో చెప్పారా? మేం నాలుగు నెలలు మా అత్తగారికి చెప్పలేదు. ఆయన రోజూ షర్టు ఇస్త్రీ చేసుకుని పార్కులో కూర్చుని వచ్చేవాడు. దాచడానికే సగం ఓపిక అయిపోయేది. రాత్రుళ్లు మరీ నిద్ర పట్టకపోతే 14416 కి చేయండి, టెలిమానస్ అని ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, డబ్బులు పడవు, తెలుగులో మాట్లాడతారు. మా ఆయన మొదట తిట్టాడు నన్ను, తర్వాత తనే చేశాడు.


నైట్_షిఫ్ట్77:

పని గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి నేను.

బ్రదర్, బ్లిస్టర్ మెషిన్ తెలిసినవాడివి, ఖాళీగా ఉండవు. పాశమైలారం, గడ్డపోతారం, జీడిమెట్ల మూడింటికీ రెజ్యూమె పట్టుకుని గేటు గేటుకీ తిరుగు, ఆన్‌లైన్ కంటే గేటు దగ్గర సెక్యూరిటీ వాళ్ల దగ్గరే ముందు కబురు ఉంటుంది. రెజ్యూమెలో "ప్యాకింగ్ ఆపరేటర్" అని ఒక్క ముక్క రాసి వదిలేయకు. ఏ మెషిన్, షిఫ్ట్‌కి ఎన్ని స్ట్రిప్పులు, చేంజ్ ఓవర్ నువ్వే చేస్తావా ఫిట్టర్ కావాలా, బీఎంఆర్ (బ్యాచ్ తయారీ రికార్డు) నువ్వే నింపుతావా, ఆడిట్ అప్పుడు లైన్లో ఉన్నావా, ఇవన్నీ రాయి. మాకు బీఎంఆర్ తప్పుల్లేకుండా నింపేవాడు దొరికితే కళ్లకద్దుకుంటారు.

తెలంగాణ ప్రభుత్వం డీట్ అని పోర్టల్ పెట్టింది, కేంద్రం వాళ్ల నేషనల్ కెరీర్ సర్వీస్ ఉంది, రెండింట్లోనూ పేరు నమోదు చేయి, పైసా ఖర్చు లేదు. ఎవడైనా ఉద్యోగం ఇప్పిస్తా, యూనిఫాం డిపాజిట్ కట్టు, రిజిస్ట్రేషన్ కట్టు అంటే అక్కడే ఆపెయ్. డబ్బు పోయిందనుకో, గంటలోపే సైబర్ మోసాల నంబరు 1930 కి ఫోన్ చేయాలి. నా రూమ్మేట్ రెండు రోజులు పరువు గురించి ఆలోచించి చేశాడు, అప్పటికి ఆ ఖాతాలో ఏం మిగల్లేదు.

అన్నట్టు కాంట్రాక్టర్ కింద వస్తావా అని అడుగుతారు. ఇల్లు గడవడానికి చేరొచ్చు గానీ ఈఎస్ఐ, పీఎఫ్ కడతాడా అని మొదటిరోజే అడుగు, కడతానంటే పాత యూఏఎన్ నంబరే ఇవ్వు, కొత్తది చేయించుకోకు. పెద్దాయన చెప్పిన పదేళ్ల కథ మళ్లీ మొదటికి రాకుండా.


పాత_ఖాతాలు:

ఒకటి మర్చిపోయాను. లేబర్ ఆఫీసు దాకా వెళ్లాల్సి వస్తే లాయర్ ఫీజు గురించి భయపడొద్దు. కార్మికుడికి ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయసహాయం ఇవ్వాలని 1987 నాటి లీగల్ సర్వీసెస్ చట్టంలోనే ఉంది. జిల్లా కోర్టు ఆవరణలో జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉంటుంది, 15100 కి ఫోన్ చేసినా చెప్తారు. రాష్ట్ర లేబర్ కమిషనర్ ఆఫీసు ఆర్టీసీ క్రాస్ రోడ్స్ దగ్గర అంజయ్య భవన్‌లో, కానీ నువ్వు అంత దూరం పోనక్కర్లేదు, కంపెనీ ఏ ఏరియాలో ఉందో ఆ ఏరియా అసిస్టెంట్ కమిషనర్ దగ్గర ఇవ్వాలి. యూనియన్ లేకపోయినా, తీసేసిన మనిషి తనే సొంతంగా ఇచ్చుకోవచ్చు.


బ్లిస్టర్_ఆపరేటర్:

గురువారం రాత్రి రాస్తున్నా. ఎవరికైనా పనికొస్తుందని.

సోమవారం ఆరుగురం కలిసి పోయాం. కాగితం తీసుకున్నారు గానీ ముద్ర వేయలేదు, "ఎవరు నేర్పించారు మీకు ఇవన్నీ" అని అడిగారు. బయటికొచ్చి ఆరుగురం స్పీడ్ పోస్ట్ చేశాం, కౌంటర్లో అమ్మాయి ఒకే అడ్రసుకి ఆరు కవర్లు చూసి నవ్వింది. హెచ్ఆర్ మేడం చెప్పినట్టే అంకెలు రాసివ్వండి అన్నాను. బుధవారం ఫోన్ వచ్చింది, గ్రాట్యుటీ కాక ఒక నెల జీతం ఇస్తారట. పరిహారం మాట ఎత్తలేదు. ఆ ఒక నెలదైనా కాగితం మీద రాసివ్వండి అంటే ఫోన్ పెట్టేశారు. లేబర్ ఆఫీసులో ఇచ్చాం, వచ్చే నెల 11న ఇద్దర్నీ పిలుస్తామన్నారు. ముందే సంతకం పెట్టిన వాళ్లలో ఇద్దరు ఇప్పుడు మాతో వస్తామంటున్నారు, వాళ్ల సంగతి ఏమవుతుందో పాత_ఖాతాలు సార్ చెప్పాలి.

పీఎఫ్ ట్రాన్స్‌ఫర్ పెడదామని చూస్తే పాత కంపెనీలో మా నాన్న పేరు ఒక అక్షరం తప్పు పడింది. ఆధార్‌లో ఒకలా, అక్కడ ఒకలా. సరిచేయించడానికి జాయింట్ డిక్లరేషన్ అనే దరఖాస్తు పెట్టాలంట. పాస్‌బుక్‌లో అది నలభై రెండు వేలు చూపిస్తోంది, ఇన్నాళ్లూ అంత ఉందని తెలియదు.

అక్కా, ఊళ్లో చెప్పేశాను. అమ్మ ఏమీ అనలేదు, "మరి మందులో?" అంది. డిసెంబర్ దాకా ఉన్నాయని చెప్పాను. ఫైనాన్స్ వాడు కిస్తీ తగ్గించలేదు, ఒక నెల ఆగుతానన్నాడు, వడ్డీ పడుతుందట.

రేపు పొద్దున పాశమైలారంలో ఒకచోట మెషిన్ ట్రయల్ ఉంది. సేఫ్టీ షూ మనమే తీసుకెళ్లాలా, వాళ్లిస్తారా? నావి ఆ కంపెనీ లాకర్లోనే ఉండిపోయాయి, లోపలికి రానివ్వడం లేదు.


నైట్_షిఫ్ట్77:

ట్రయల్‌కి ఇవ్వరు, మనమే తీసుకెళ్లాలి. సైజు ఎంత? ఎనిమిది అయితే నా దగ్గర ఒక జత ఉంది, పటాన్‌చెరు సర్వీస్ రోడ్డులో ఉంటా, ఆరున్నరకి వచ్చి తీసుకో.